తెల్ల దారం, పసుపు దారం

మా తమ్ముడు ఇశ్రాయేలుకు ఉన్నది ఒక్క కన్ను. రెండోది ఇరవై రెండేళ్లప్పుడు పోయింది. బిగుసుకుపోయిన బేరింగును సుత్తితో కొడుతుంటే ఇనుప పెళ్ల ఎగిరి ఎడమ కంట్లో దిగింది. ఆ కంట్లోని వెలుగు దవాఖానలోనే వదిలేసి ఇంటికొచ్చాడు. వచ్చిన వారానికే మళ్లీ సుత్తి పట్టాడు. ఇప్పుడు వాడికి అరవై మూడు. నలభై ఒక్క ఏళ్లుగా ఒక్క కంటితో బండ్లు బాగు చేస్తున్నాడు. అమ్మ పోయినప్పుడు వాడికి తొమ్మిదేళ్లు, నాకు పదిహేడు. అప్పటినుంచి వాడికి అన్నం పెట్టినదీ, చీవాట్లు పెట్టినదీ నేనే కాబట్టి వాడి గురించి రాసే హక్కు నాకుంది. మూడో తరగతితో ఆపేసిన చదువు నాది. తప్పులుంటే సర్దుకోండి, అబద్ధాలు మాత్రం లేవు.

శాలిబండలో మా దుకాణం ఎనిమిదడుగుల వెడల్పు, పదడుగుల లోతు. కిటికీ లేదు. షట్టరు ఎత్తితే వెలుతురు, దించితే చీకటి. లోపల వాడు, గడప మీద నేను. వాడు కార్బొరేటర్లు విప్పుతాడు, నేను పాత చీరలతో బొంతలు కుడతాను. నా పెనిమిటి పోయాక వచ్చి ఆ గడప మీద కూర్చున్నాను, ఇంతవరకు లేవలేదు.

గల్లీలో బండ్లు బాగు చేసేవాళ్లు పదిమంది ఉన్నారు. జెట్టు సంగతి తెలిసినవాడు మాత్రం మావాడొక్కడే. జెట్టంటే శనగగింజంత ఇత్తడి ముక్క. దాని నడుమ సన్నటి బెజ్జం ఉంటుంది. కార్బొరేటర్‌లోని పెట్రోలు ఆ బెజ్జం గుండానే ఇంజన్‌లోకి పోవాలి. బెజ్జం చిన్నదైతే పెట్రోలు చాలక ఇంజన్ మాడిపోతుంది. పెద్దదైతే బండి పొగలు కక్కుతుంది. జెట్టు మీద నంబరు కొట్టి ఉంటుంది, నంబరు పెరిగితే బెజ్జం పెద్దది. చెప్పడానికి ఇంతే. చెయ్యడానికి ఒక జన్మ కావాలంటాడు మావాడు.

వెనకట కావలసిన సైజు జెట్టు ఎక్కడా దొరికేది కాదు. అప్పుడు వాడు నా బొంత సూది తీసుకుని, దానికి అరగదీసే పేస్టు రాసి, బెజ్జంలో పెట్టి తిప్పి తిప్పి వెంట్రుకవాసి వెడల్పు చేసేవాడు. అట్లా ఎన్ని సూదులు పాడు చేశాడో దేవుడికే ఎరుక. ఒకసారి సూది తిరిగిందంటే జెట్టు మీది నంబరు పనికిరాదు. అందుకని నేనొక ఉపాయం చెప్పాను. కంపెనీ నుంచి వచ్చినట్టే ఉన్న జెట్టు మెడకు తెల్ల దారం, వీడు వెడల్పు చేసిన జెట్టుకు పసుపు దారం. నా డబ్బాలో ఎప్పుడూ ఉండే దారాలు ఆ రెండే. నంబరు వారీగా అరలున్న రేకు డబ్బాలో ఆ జెట్లన్నీ ఇప్పటికీ ఉన్నాయి. అరను బట్టి నంబరు, దారాన్ని బట్టి బెజ్జం. ముప్పై ఏళ్లు ఆ లెక్క ఒక్కసారి తప్పలేదు.

తప్పింది మొన్న వేసవిలో.

మాదన్నపేటలో బర్రెలున్న ఇల్లొకటి ఉంది. ఆ ఇంటి పిల్ల గీతాంజలి. ఇరవై ఆరేళ్లుంటాయి. పొద్దున స్కూటర్ మీద పాలు పోస్తుంది, మిగిలిన పొద్దంతా ఎత్తైన చక్రాల మట్టిబండి మీద గుట్టలెక్కుతుంది. ఆ బండిని తోసుకుంటూ మా గడప ముందుకొచ్చింది.

"ఉస్తాద్, పెద్ద పిస్టన్ ఏయించిన. సైలెన్సర్ మార్పిచ్చిన. గాలి డబ్బా తీసేసి ఓపెన్ ఫిల్టర్ పెట్టిన. అన్ని జేసినంక గుట్ట మీద దమ్మే ఉంటలేదు. ఆదివారం పోటీ ఉంది. జర చూడరాదు?"

"ఎవలు జేసిన్రు గిదంత?"

"ఫోన్ల చూసి నేనే జేస్కున్న."

"మంచిగ జేసినవ్. దూపైతున్నదానికి గాలి తాపితే ఎట్ల బిడ్డా? గాలి నువ్విచ్చినవ్, పెట్రోల్ నేనిస్త. పెట్టిపో."

పిల్ల నవ్వి, నా కుట్టుపని వైపు వంగింది. "అవ్వా, ఈ బొంత మస్తుంది."

"అవ్వ ఎవలికే? చంద్రమ్మ అని పేరున్నది నాకు."

"సరే చంద్రమ్మవ్వా."

దాని నోరు నాకు నచ్చింది. ఆ మాట దానికి చెప్పలేదు.

జెట్టు సరిపోయిందో లేదో తెలియాలంటే బండిని ఫుల్లుగా లాగి, ఉన్నపళంగా ఇంజన్ ఆపి, ప్లగ్గు విప్పి కొసన ఉన్న పింగాణి రంగు చూడాలి. తెల్లగా ఉంటే పెట్రోలు చాలలేదు. నల్లగా ఉంటే ఎక్కువైంది. ఇరానీ చాయ్ రంగు తిరిగితే బండి బాగున్నట్టు. ఇద్దరూ రెండు రోజులు తెల్లారగానే ఫలక్‌నుమా వైపు ఖాళీ రోడ్డుకు పోయి వచ్చారు. మొదటి రోజు వేసిన జెట్టుకు ప్లగ్గు నల్లబడిందన్నాడు. రెండో రోజు చిన్నది వేశాడు. గురువారం పగలు పదకొండింటికి కొత్త ప్లగ్గు బిగించి, పిల్లకు బండి అప్పజెప్పాడు. అది బజారంతా మోగించుకుంటూ పోయింది.

రోడ్డు మీద పరీక్షించి విప్పిన పాత ప్లగ్గు బల్ల మీదే ఉంది. చాయ్ గ్లాసు పెట్టడానికి లోపలికి వెళ్లి దాన్ని చూశాను.

ఉప్పుకల్లులాగా తెల్లగా ఉంది.

"ఇది దేనిదిరా?"

"గా పిల్ల బండిదే. చూడు, ఎంత మంచి చాయ్ రంగు వచ్చిందో."

పక్కనే, బిగించిన జెట్టు మెడ నుంచి విప్పి పడేసిన దారం ముక్క ఉంది. దాన్ని ఎత్తి చూపించాను.

"ఏ దారమిది?"

"పసుపుది. గిప్పుడేందక్కా నీకు, నా పరీక్షనా?"

అది తెల్ల దారం.

అంతకు ముందు సంగతులన్నీ ఒక్కసారి గుర్తుకొచ్చాయి. మూడు నాలుగు నెలలుగా ఆదివారం చర్చికి వెళ్లే ముందు తెల్ల చొక్కా మీద లొల్లి. "నీలం పెడ్తలేవా? పసుపు గొట్టుకపోయింది అంగి" అనేవాడు. "నీ కంటికి కామెర్లొచ్చినయా?" అని నేను కసిరేదాన్ని. అన్నంలో పసుపెందుకు వేశావని ఒకసారి అడిగాడు. ముసలితనపు చాదస్తమనుకున్నాను, అరవై మూడేళ్లకే.

రెండేళ్ల కింద నా కండ్లకు శుక్లాలు తీసి అద్దాలు పెట్టారు. కట్టు విప్పిన రోజు నర్సమ్మ కోటు చూసి, తెలుపు ఇంత తెల్లగా ఉంటుందా అని నోరు తెరిచాను. అప్పటిదాకా లోకమంతా నాకు పలచటి చాయ్‌లో ముంచినట్టే కనిపించేది, అదే నిజమనుకునేదాన్ని. శుక్లం ఒక్కసారిగా చీకటి చెయ్యదు. మెల్లగా పసుపు పూస్తుంది. పూసినట్టు మనకు తెలియదు.

"తమ్మీ, నీకు కనబడ్తలేదు."

వాడు లేచాడు. మిట్టమధ్యాహ్నం షట్టరు కొక్కెం పట్టి కిందికి లాగాడు. ఎనిమిదడుగుల గదిలో పెట్రోలు వాసన, రేకు వేడి, మేమిద్దరం. షట్టరుకు ఎప్పుడో పడిన తూటులోంచి రూపాయి బిళ్లంత వెలుగు వాడి చొక్కా మీద పడింది.

"నాకెర్కే" అన్నాడు. "మూడేండ్ల కింద చర్చి కాడ కండ్ల క్యాంపు పెట్టిన్రు గదా. గప్పుడే చెప్పిన్రు."

"మూడేండ్లా! నాకు జెప్పక?"

"జెప్తే పట్టుకపోతవ్."

"పట్టుకపోకపోతే ఏం జేస్తరు? నేను జేయించుకోలే? పది నిమిషాల పని. పొద్దుగాల పోయి మాపటికి ఇంటికొచ్చిన."

"నీకు రెండున్నయ్ అక్కా. ఒకటి ఖరాబైతే ఇంకోటి ఉండె. నాకు ఒక్కటే. ఒక్కదాన్ని కత్తి కింద పెట్టమంటవా? నూటికి తొంభైతొమ్మిది మందికి మంచిగనే అయితదని డాక్టర్ అన్నడు. ఆ మిగిలినోడు నేనైతే?"

వాడు దవాఖానకు పోతే ఉన్నది పోతుందేమో, పోకపోతే ఉన్నది తప్పకుండా పోతుంది. నాలుగు గోడల మధ్య నిలబడి ఏ గోడను కొట్టుకోవాలో చూసుకుంటున్నాడు.

"గా పిల్లకు బండి ఇస్తివి గదరా. పెట్రోల్ చాలకపోతే ఏమైతదో నాకు నువ్వే జెప్పినవ్. వేడికి పిస్టన్ పట్టేస్తది. ఎనక చక్రం బిగుసుకపోతది. గుట్ట మీదికెళ్లి పిల్ల కింద పడ్తది."

"కొంచెమే తక్కువ. పోటీ పది నిమిషాలే. ఏం గాదు. సోమవారం మళ్ల తెప్పించి ఏదో ఒకటి జెప్పి మారుస్త. జెప్పకక్కా. ఇశ్రాయేలుకు కనవడ్తలేదని గల్లీల తెలిస్తే ఇగ ఎవడు వస్తడు? సగం మంది జెట్టే లేని కంప్యూటర్ బండ్లు కొనుక్కొని ఎట్లనో వస్తలేరు. ఈ దుకాణం లేకుంటే నేనేడ కూసోవాలె?"

ఒప్పుకున్నాను. ఈ మాట రాయడానికి చెయ్యి రావడం లేదు, అయినా రాస్తున్నాను. పక్కింటి కోడలు చాడీ చెబితే వంద మాటలనే చంద్రమ్మ, ఒక పిల్ల పానం మీదికి వచ్చే మాటను నోట్లో దాచుకుంది. శుక్రవారమంతా గడప మీద కూర్చుని వేసిన కుట్లు సాయంత్రానికి నేనే ఊడదీశాను. ఒక్కటీ వరుసలో లేదు.

శనివారం పదింటికి గీతాంజలి వచ్చింది. చేతిలో పాల డబ్బా, ముఖమంతా వెలుగు.

"ఉస్తాద్! ఏం ఉరుకుతున్నదో! గాలి లెక్క హల్కగ అయిపోయింది బండి. నిన్న గుట్టకు పోయిన. పోయినేడాది మొదటొచ్చినోడు గూడ నా ఎనకనే. గిదిగో, మీ కోసం బర్రెపాలు. నీళ్లు కలపలే."

ఇశ్రాయేలు డబ్బా అందుకున్నాడు, పిల్ల ముఖంలోకి చూడలేదు.

"ఒక్కటే ఉస్తాద్. నిటారుగ ఎక్కేటప్పుడు లోపల చిన్నగ టిక్ టిక్ టిక్ అంటున్నది. గాజు మీద గోరుతోని కొట్టినట్టు. ఏం గాదు గదా?"

వాడి చెయ్యి డబ్బా మీదే ఆగిపోయింది. కన్ను పోయినా చెవి పోలేదు వాడికి. ఆ చప్పుడేమిటో గల్లీలో వాడికి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. పెట్రోలు చాలక ఇంజన్ లోలోపల కాలుతున్న చప్పుడది. ఇప్పుడైనా చెబుతాడని చూశాను. గొంతు సవరించుకున్నాడు.

"కొత్త పిస్టన్ గదా బిడ్డా. సర్దుకుంటది."

నేను లేచాను. మోకాళ్లు పటపటమన్నాయి. బల్ల మీది ప్లగ్గు తెచ్చి పిల్ల అరచేతిలో పెట్టాను.

"ఏ రంగున్నదే ఇది?"

"అక్కా!" అన్నాడు వాడు.

"నువ్వు ఊకో. జెప్పవే పిల్లా, ఏ రంగు?"

"తెల్లగుంది. ఎందుకవ్వా?"

"ఇది నీ బండిదే. బండి విప్పు."

అది నా ముఖం చూసి మారు మాట్లాడకుండా పానా తీసుకుంది. కార్బొరేటర్ కింది గిన్నె విప్పి జెట్టు తీసి నాకిచ్చింది. నా బొంత సూదికి, వెడల్పు చేసిన బెజ్జంలో ఎంత లోతు దిగాలో అక్కడ ఒక దారపు ముడి ఉంటుంది. సూది పైకి పోయేకొద్దీ లావు కదా, బెజ్జం సన్నదైతే ముందే ఆగుతుంది. పిల్ల కళ్ల ముందే గుచ్చాను. ముడి ఇంకా గోరంత దూరం ఉండగానే ఆగిపోయింది.

"పసుపు దారంది ఏసిననుకొని తెల్ల దారంది ఏసిండు. ప్లగ్గు చూసినా తెలుస్తలేదు. ఆ టిక్ టిక్ సర్దుకోదు బిడ్డా. రేపు గుట్ట నడుమ నీ ఇంజన్ పట్టేస్తుండె."

పిల్ల వాడి వైపు తిరిగింది. వాడు పాల డబ్బాను రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు, ఎక్కడ పెట్టాలో తెలియనట్టు.

"నాకది చాయ్ రంగే బిడ్డా" అన్నాడు చివరికి. "అన్నీ చాయ్ రంగే. నీ డబ్బాల పాలు గూడ."

"మీకు తెల్సా ఉస్తాద్? బండి ఇచ్చేటప్పుడు తెల్సా?"

"ఇచ్చేటప్పుడు తెల్వలే. ఇచ్చినంక అక్క జెప్పింది."

"గురువారమే తెల్సు ఇద్దరికి!" పిల్ల గొంతు లేచింది. "నేను పాలు పోసేదాన్ని. ఒక్క చెంబు నీళ్లు కలిపితే మొహం మీదనే అడుగుతరు నన్ను. మీరు నన్ను అడగనియ్యనే లేదు. నిన్న పొద్దంత దాని మీదనే గుట్టెక్కిన తెల్సా?"

ఇద్దరం తల వంచుకున్నాం. పిల్ల గడప మీద కూలబడి, కాసేపు బజారు వైపు చూసింది. లేచి వెళ్లిపోతుందనుకున్నాను. వెళ్లిపోతే తప్పు కూడా కాదు.

"సైజు మీకు తెల్సు. చప్పుడు మీకు తెల్సు" అంది. "రంగొక్కటి అవ్వ చూస్తది. పట్టుండ్రి పని."

డెబ్బై ఒకటో ఏట నేను ఆటోలో ఫలక్‌నుమా రోడ్డుకు వెళ్లి, ప్లగ్గు రంగు చూసొచ్చాను. వాడు మొదటి రోజు నల్లబడిందని తీసేసిన జెట్టునే మళ్లీ పెట్టించాను. పసుపు దారందే. సూది ముడి దాకా దిగింది, నేనే దించి చూశాను. పిల్ల బండిని ఉరికించి, ఇంజన్ ఆపి, ప్లగ్గు విప్పి నా ముందు పెట్టింది. రోడ్డు పక్కన రాయి మీద కూర్చుని ఎండకు తిప్పి చూశాను. పాలూ డికాషనూ సరిపడా పడిన చాయ్. మొదటి రోజే అది సరైన జెట్టు. పసుపు కంటికి చాయ్ రంగు మసిలా కనిపించి తీసేశాడన్నమాట.

"టిక్ టిక్ ఉన్నదా?" అని అడిగాను.

ఇశ్రాయేలు కళ్లు మూసుకుని, నడుస్తున్న బండి పక్కన చెవి వంచి నిలబడ్డాడు. పిల్ల మళ్లీ లాగింది. ముందుకు పోయింది, తిరిగి వచ్చింది. వాడు తల అడ్డంగా ఊపాడు. చప్పుడు లేదు. కళ్లు మూసుకున్నప్పుడు వాడి ముఖం ఎంత నిశ్చింతగా ఉందంటే, నాకు భయమేసింది.

ఆదివారం పోటీలో పద్నాలుగు మందిలో పిల్ల తొమ్మిదోది. ఒకసారి బురదలో పడిందట, అది దాని తొందర వల్ల. ఇంజన్ మాత్రం పట్టెయ్యలేదు. ఫోన్ చేసి చెప్పింది నాకే, వాడికి కాదు. "ఉస్తాద్‌కు జెప్పు" అంది. ఆ మాత్రమైనా అంది.

ఇక్కడితో ఆగిపోతే బాగుండేది. నేను ఇంకో తప్పు చేశాను.

వాడి తిప్పలు చూడలేక దారాలకు ముడులు వేయడం మొదలుపెట్టాను. తెల్లదానికి ఒక ముడి, పసుపుదానికి రెండు. కంటితో పని లేదు, వేలితో తడిమితే చాలు. సాయంత్రం పూట నాలుగు చొప్పున ఇరవై దాకా కట్టాను. ప్లగ్గు చూడాల్సి వచ్చినప్పుడల్లా వాడు బల్ల మీద పెడతాడు, నేను చూసి మెల్లగా చెబుతాను. వచ్చినవాళ్లకు అనుమానం రాలేదు. దుకాణం నడిచింది. నేను మా వాకిట్లోకి పోయి ఊడ్చుకునే తీరిక కూడా లేకుండా బల్ల పక్కనే ఉండాల్సి వచ్చింది. గడప మీద నుంచి లోపలికి జరిగాను, అంతే తేడా.

మొన్న సోమవారం వాడు కూనిరాగం తీస్తూ డబ్బాలో వేళ్లు పెట్టి తడుముతున్నాడు. జెట్టు దొరికింది. నవ్వాడు.

"ఇగ కన్నుతోని పనేముందక్కా? నీ ముడులున్నయ్. నీ కండ్లున్నయ్. ఆ దవాఖాన ఫికరే లేదిప్పుడు."

నా చేతిలో సూది ఆగిపోయింది. వాడికి దారి వేస్తున్నాననుకుని, ఉన్న ఒక్క తలుపుకూ బయట నుంచి గొళ్లెం పెడుతున్నాను నేనే.

"డబ్బా ఇటియ్యి" అన్నాను. ఇచ్చాడు. మూత పెట్టి నా ఒళ్లో పెట్టుకున్నాను.

"ఇరవై మూడు మిగిలినయ్. వాటికి ముడి వెయ్య. డబ్బా గూడ ఇయ్య. కన్ను జేయించుకొని వచ్చి రంగు చూస్కొని తీస్కో."

"పిచ్చి లేసిందా? గిరాకీ ఆడ నిలబడ్డది!"

"నిలబడనియ్."

"ఒక్క కన్నే అక్కా."

"నాకు డెబ్బై ఒకటి. నేను బోయినంక ఎవల కండ్లతోని చూస్తవ్? గా పిల్లనడుగుతవా?"

గిరాకీ కాసేపు చూసి వెళ్లిపోయాడు. అది సోమవారం, ఇవాళ గురువారం. షట్టరు ఎత్తుతున్నాం, దించుతున్నాం. వాడు తినడానికి నోరు తెరుస్తున్నాడు, మాట్లాడటానికి కాదు. నాకూ భయంగానే ఉంది. ఆ నూటిలో ఒకడు వీడే అయితే, వాడు జీవితాంతం నా గొంతు విని నన్ను తిట్టుకుంటాడు. అయినా డబ్బా వదల్లేదు. రాత్రి తలకింద పెట్టుకుని పడుకుంటున్నాను.

నిన్న పొద్దున మనిషిని పిలిచి దుకాణం లోపలి గోడకు సున్నం వేయించాను. వాడు స్టూలు ఆ గోడ వైపు తిప్పుకుని, నాకు వీపు పెట్టి కూర్చున్నాడు. ఏ రంగుందో చెప్పమన్నాను.

ఇంకా చెప్పలేదు.